పొడుగు బాణం

"నీ చేతులకు ఇరిగే విల్లు కాదే ఇది. ఎవనికిచ్చినవో చెప్పు."

దయాకర్ ఈ మాట అనడం పొద్దుటి నుంచి ఎన్నోసారో. కూతురు సింధూజ గోడకు ఆనుకొని నేల చూస్తోంది. నడుమ చీలిన వెదురు విల్లు ఇద్దరి మధ్యా పడి ఉంది. ఆదివారమే నారాయణపేటలో జిల్లా విలువిద్య జట్టు ఎంపిక.

"ఎవనికియ్యలే బాపూ. సార్ ఇంకో విల్లు ఇస్త అన్నడు."

"విల్లు సంగతి కాదు. మరి గిదేంది?"

మగ్గం వెనక నూలు కట్టల సందున దొరికిన బాణాన్ని ఆయన సింధూజ బాణం పక్కన పెట్టాడు. దానికన్నా నాలుగు వేళ్లు పొడుగుంది.

విల్లు కొన్న రోజు కోచ్ చెప్పింది ఆయనకు గుర్తుంది. విల్లు మనిషి ఎత్తును బట్టి, బాణం చేతుల పొడవును బట్టి. సింధూజ పొట్టిది, అచ్చం తండ్రి పోలిక. విల్లూ చిన్నదే తీసుకున్నారు. చేతులు పొడుగున్నవాళ్లు దాన్ని తమకు అందినంత వెనక్కి లాగితే వెదురు ఓర్చుకోదు.

"పొడుగు చేతులోడెవడో గుంజిండు. గంతే."

"మైదానంల బాణాలేసే గా అమరేందర్ లేడా, తాటిచెట్టసుంటోడు," అంది నాయనమ్మ ఉప్పలమ్మ, కండెలు చుట్టడం ఆపకుండానే. "మొన్న బండి మీద దింపిపోయిండు గదా."

"వాన పడ్డదని దింపిండు. అవ్వా, నువ్వు జర ఊకో!"

దయాకర్ ముందు ఇంట్లోవాళ్ల సంగతి తేల్చుకోవాలనుకున్నాడు. కొడుకు అరుణ్‌ను పిలిచాడు. బాణం తోక రొమ్ముకు ఆనించి రెండు చేతులూ ముందుకు చాపితే, మొన వేళ్లకు కాస్త అవతల ఉండాలి. అరుణ్‌కు చాలా అవతల ఉంది. దయాకర్‌కు ఇంకా దూరం.

"తాతను గూడ మగ్గం గుంటలకెళ్లి లేపుతవా?" అని నవ్వాడు అరుణ్.

"మగ్గం మీద నాడె ఇసిరెటందుకే నా చేతులు లేస్తలెవ్వురా," అని లోపలి నుంచి తాత లక్ష్మీనర్సయ్య గొంతు వినిపించింది.

దయాకర్ నవ్వలేదు.

"ఇంట్ల మగోళ్లెవ్వలు కాదు. అంటే బయటోడే. ఇగ మైదానం బంద్. కాలేజీకి పోవుడు, ఇంటికొచ్చుడు."

సింధూజ వంటింటి వైపు ఒకసారి చూసి తల దించుకుంది.

"బువ్వ సల్లారుతాంది. తిని కొట్లాడుకోండ్రి," అంటూ దయాకర్ భార్య స్వర్ణలత గిన్నెలు తెచ్చిపెట్టింది.

"ముందుగాల ఆ విల్లు సజ్జ మీద పడెయ్. దీనికి అందొద్దు."

స్వర్ణలత పీట ఎక్కకుండానే చెయ్యి చాపి విల్లును పైకి జరిపి వచ్చి కంచాలు సర్దింది. లక్ష్మీనర్సయ్య కూడా వచ్చి కూర్చున్నాడు.

"ఆఖరుసారి అడుగుతున్న. పేరు చెప్తవా, అమరేందర్ ఇంటికి పోవాల్నా?"

"ఆయనది కాదు బాపూ. ఎవలదో చెప్పనని ఒట్టు పెట్టిన."

"సూసినవా! ఒట్లు పెట్టుకునేదాక పోయింది," అంది ఉప్పలమ్మ.

దయాకర్ కంచం పక్కకు నెట్టి చెప్పుల కోసం చూశాడు.

స్వర్ణలత పప్పు గిన్నె కింద పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకొని, గొంతు పెంచకుండానే అందరికీ వినబడేలా చెప్పింది.

"ఆ బాణం నాది, ఆదివారం పిల్లతోని నేను గూడ మైదానానికి పోతున్న."