డెబ్బై మీటర్ల తీగ

తెర నల్లగా ఉంది.

కేబుల్ పనివాడు వంగి తెర వెనక్కి చూశాడు. అంతా సరిగ్గానే పెట్టి ఉంది. కేబుల్ కొన మీది అక్షరాలు చదివి నిట్టూర్చాడు.

"ఇది ఎవరు లాగారు?"

"నేనే అన్నా, నిన్న సాయంత్రం," అన్నాడు ఆసుపత్రి ఎలక్ట్రీషియన్.

"తిరగేసి లాగావు."

"తీగకి తిరగేయడం ఏంటన్నా? రెండు కొనలూ ఒకేలా ఉన్నాయిగా!"

"ఇది రాగితీగ కాదు, గాజుతీగ. లోపల వెలుతురు పరిగెత్తాలి. కెమెరా వైపు కొన కెమెరాకే పెట్టాలి, తెర వైపుది తెరకే. బొమ్మ ఒకవైపుకే పోతుంది."

ఆపరేషన్ గది ఆ చివర, సమావేశాల హాలు ఈ చివర. మధ్యలో డెబ్బై మీటర్ల వరండా. పెద్ద సర్జన్‌కి జలుబు చేసింది. తుమ్ముతూ ఆపరేషన్ గదిలోకి వెళ్లకూడదు. వాయిదా వేద్దామంటే పేషెంటు పొట్టలోని గడ్డ ఆగేలా లేదు. అందుకని ఆయన హాల్లోనే కూర్చుంటాడు. పొట్టలోకి పంపిన కెమెరా చూపించేదంతా తెర మీద చూస్తూ మైకులో చెబుతాడు. కత్తి పట్టేది ఆయన శిష్యురాలు.

"పాత కేబుల్‌తో కానిచ్చేద్దామయ్యా," అన్నాడు పెద్ద సర్జన్ ముక్కు తుడుచుకుంటూ.

"ఇంత దూరం దాని వల్ల కాదు సార్. పైగా లిఫ్టు కదిలినప్పుడల్లా బొమ్మ ఎగిరిపోతుంది."

"అరక్షణమేగా!"

"ఆ అరక్షణంలో మేడంగారి కత్తి ఎక్కడుంటుందో?"

పెద్ద సర్జన్ గట్టిగా తుమ్మాడు.

వరండా పైకప్పు పలకలు తీసి తీగంతా వెనక్కి లాగడం మొదలుపెట్టారు. పనివాడి భార్య కూడా వెంటే ఉంది. అతను నిచ్చెన ఎక్కబోతే చొక్కా పట్టుకుని ఆపింది. కేబుల్ చుట్ట కూడా తనే భుజాన వేసుకుంది.

"ఈ పనికి ఇంకెవరూ దొరకలేదా? ఈరోజు కూడా మీరేనా?"

"ఇంకొకరైతే తిరగేసి లాగుతారు."

నిచ్చెన మీదున్న ఎలక్ట్రీషియన్ విననట్టు పైకప్పు వైపు చూశాడు.

"మెల్లగా లాగు తమ్ముడూ. మూలల్లో మడత పడిందంటే లోపల గాజు విరుగుతుంది. అంతే సంగతులు."

ఎవరో టీ తెచ్చారు. అందరూ తాగారు. కేబుల్ పనివాడు మాత్రం వద్దన్నాడు.

అటుగా వెళ్తున్న శిష్యురాల్ని అతనే ఆపి పలకరించాడు.

"అమ్మా, ఇలాంటి ఆపరేషన్లు ఎన్ని చేసుంటారు?"

"సార్ పక్కన నిలబడి చాలా చూశానండీ. నా చేత్తో చెయ్యడం ఇదే మొదలు."

అతను తలూపాడు. హాల్లోకి వెళ్లి, అప్పటికే పెట్టేసిన కొనను ఇంకోసారి నొక్కి చూశాడు.

ఇక రెండో కొన మిగిలింది. ఆపరేషన్ గది గుమ్మం దగ్గర పెద్ద నర్సు చెయ్యి అడ్డం పెట్టింది.

"ఒళ్లంతా దుమ్మే! స్నానం చేస్తేగానీ లోపలికి రానివ్వను. ఇప్పటికే గంట ఆలస్యం."

అతను వెళ్లి స్నానం చేసి వచ్చాడు. కెమెరా పెట్టెకి కొన తగిలించాడు. నర్సు అరచేతిని కెమెరా ముందు పెట్టమన్నాడు.

"అబ్బ, చేతిలో గీతలన్నీ లెక్కపెట్టొచ్చు!" మైకులో పెద్ద సర్జన్ గొంతు.

"ఉండండి సార్. తమ్ముడూ, లిఫ్టులో పైకీ కిందికీ తిరుగు."

ఎలక్ట్రీషియన్ పదిసార్లు తిరిగాడు. బొమ్మ చెక్కుచెదరలేదు. పదకొండోసారి కూడా తిరగమన్నాడు.

"చాలయ్యా బాబూ! ఇంత చాదస్తం నేను ఎక్కడా చూడలేదు," అన్నాడు పెద్ద సర్జన్. "ఇక మొదలుపెడదామా?"

మత్తు డాక్టరు సూదితో సిద్ధంగా ఉన్నాడు. శిష్యురాలు చేతి తొడుగులు వేసుకుంది. నర్సు గది తలుపు మూయబోతూ ఆగింది.

"ఇంకేమైనా చూసుకోవాలా?" అని అడిగింది.

"ఏమీ లేదమ్మా. నా పని అయిపోయింది," అన్నాడు అతను.

గుమ్మం అవతల నిలబడ్డ భార్య చేతికి ఉంగరం, వాచీ తీసి ఇచ్చి, నర్సు అందించిన ఆకుపచ్చ గౌను తొడుక్కుని, బల్ల ఎక్కి వెల్లకిలా పడుకున్నాడు.