రెండిళ్ల తాళంచెవి

నిలేష్ బుర్రలాంటి బుర్ర కామాటిపురా గల్లీలన్నీ గాలించినా, నాగ్‌పాడా దాటి వెతికినా ఇంకొకటి దొరకదు. లేకపోతే అంత గట్టి నియమం ఎవరికి తడుతుంది?

"ఒక్కో భాషకు ఇద్దరు చూసుకునే జిమ్మేదార్లు ఉండాలె. ఇద్దరు వేరేవేరే ఇండ్లోళ్లు కావాలె. లేకుంటే ఆ భాష బయటికే!" నిలేష్ లాప్‌టాప్ తిప్పి చూపించాడు. "పొద్దుగాలనే పెట్టిన. అందరు ఒప్పుకున్నరు. ఇగ నీ రస్ట్‌ను మడిచి పెట్టుకో, పోరీ."

గడపలో నిలబడ్డ పొరుగింటి స్నేహల్ కదల్లేదు. చాళ్లకు, అంటే వరసగదుల ఇళ్లకు, నీళ్లు ఎప్పుడొస్తాయో ఫోన్లో చెప్పే ఉచిత సాఫ్ట్‌వేర్ అది. నాలుగు ఊళ్లవాళ్లు కలిసి రాసేదే అయినా, అందులోకి ఏది రావాలో తేల్చేది నిలేషే. మొదటి నుంచీ అది సీ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఉంది. స్నేహల్ వానాకాలమంతా కూర్చుని ఒక భాగాన్ని రస్ట్ అనే కొత్త భాషలో తయారుచేసింది. ఇప్పుడు కాదంటే ఆ కష్టమంతా మోరీ పాలు.

"ఎందుకొద్దు దాదా? నడుస్తలేదా?"

"నడుస్తది. రేపు ఆగితే? నీకు లగ్గమైతది, షోలాపూర్ పోతవు. నీ రస్ట్ పిల్లను నేను సాకాల్నా?"

"లగ్గమైతే చేతులు తీసి ఈడనే పెట్టి పోతనా?"

మూల కూర్చుని బియ్యం ఏరుతున్న నిలేష్ తల్లి తారాబాయి కిసుక్కున నవ్వింది. గదుల ముందు అందరూ నడిచే ఆ గాలరీ పంపుగదికి రెండు తాళంచెవులు. ఒకటి ఆమె కొంగున ఉంటుంది, ఇంకొకటి చివరింట్లో. ఒక ఇంటివాళ్లు ఊరికి పోతే మిగతా గాలరీ నోరెండి కూర్చోకూడదని ఆ చాళ్‌లో వాడుక.

"రూల్ అంటే రూలేనా దాదా?" అంది స్నేహల్.

"నాకైనా అంతే, మా అయ్యకైనా అంతే!"

"పక్కా?"

"పక్కా."

స్నేహల్ వెనక్కి తిరిగి కేకేసింది. "ప్రియాంకా, రావే!"

మహబూబ్‌నగర్ నుంచి కూలిపనికి వచ్చిన పోచయ్య కూతురు ప్రియాంక. ఫోరస్ రోడ్ వైపు గదిలో ఉంటారు. వస్తూనే ఫోన్ చూపించింది. "రెండో పేరు నాది పెట్టిన అన్నా. స్నేహల్‌తోని కూసొని రస్ట్‌ల సగం నేనే రాసిన. మా ఇల్లు వేరే, నమ్మకుంటే వచ్చి చూడు."

నిలేష్ బటన్ నొక్కక తప్పలేదు. రస్ట్ లోపలికొచ్చింది.

"అయింది కదా. ఇగ నడువుండ్రి," అన్నాడు మూతి ముడుచుకుని.

"ఆగు దాదా. సీకి నువ్వొక్కనివే ఉన్నవు. రెండో పేరేది?"

నిలేష్ తెరవైపు చూశాడు, తల్లివైపు చూశాడు. "అది... అది పాతది. దానికి రూల్ లేదు."

"మీ అయ్యకైనా అంతే అంటివి కదరా!" అంది తారాబాయి, చేట దించకుండానే.

లాప్‌టాప్ మెల్లగా స్నేహల్ వైపు జరిగింది. "నీ పేరే పెట్టుకో పో," అన్నాడు నిలేష్, సగం మాట మింగేసి.

ఈ కథలో నేను కల్పించింది ఒక్క నిలేష్ బుర్రనే. ఆ నియమం పెట్టమని కొడుక్కి చెప్పింది తారాబాయి; నల్లా దగ్గర తారాబాయి చెవిలో వేసింది స్నేహల్.