కారులో ఈల

“పోలేదు మేస్త్రీ. ఇంకా ఈల వేస్తూనే ఉంది.”

ట్యాక్సీ డ్రైవరు కారు తాళం టేబుల్ మీద పెట్టి నిలబడ్డాడు. వారంలో ఇది మూడోసారి. కారు ఆడియో సెట్లు బాగుచేసే మేస్త్రీ అప్పుడే ఒక పని ముగించి, నడుము పట్టుకుని లేచాడు. ఆ తాళం చూడగానే మళ్ళీ కూలబడాలనిపించింది.

“మొన్న బాగానే ఉంది కదయ్యా.”

“మీరు పోయిందన్నారు, నేనూ సరేననుకున్నాను. రోడ్డెక్కగానే మళ్ళీ మొదలు. పాట లేకపోయినా స్పీకర్లలోంచి సన్నగా వస్తోంది. యాక్సిలరేటర్ తొక్కినకొద్దీ పైకి లేస్తోంది. నిన్న ఒకావిడ తలనొప్పి అంటూ సగం దారిలో దిగిపోయింది.”

మేస్త్రీ తాళాన్ని వేలితో డ్రైవరు వైపు నెట్టాడు. ఆ వీధిలో అతన్ని అందరూ చెవి మేస్త్రీ అంటారు. మిగతా షాపుల్లో మీటర్లున్నాయి, తెర మీద గీతలు పరిగెత్తే మిషన్లున్నాయి. ఇతనికి అవేవీ అక్కర్లేదు. స్పీకరు జాలీకి చెవి ఆనించి, కళ్ళు మూసుకుని, జబ్బు ఎక్కడుందో చెప్పేస్తాడు. షాపు నడిచేది ఆ పేరు మీదే. అలాంటిది ఒక దిక్కుమాలిన ఈల మళ్ళీ మళ్ళీ తిరిగి రావడం అతనికి తల కొట్టేసినట్టుగా ఉంది.

“డిక్కీ తియ్యి,” అన్నాడు చివరికి.

యాంప్లిఫైయర్ డిక్కీలో, స్పేర్ టైరు పక్కన ఉంది. మేస్త్రీ మోకాళ్ళ మీద కూర్చుని తల లోపలికి దూర్చాడు. ఎర్త్ వైరు విప్పి, దాని కింద రేకు మెరిసేదాకా గీకి, మళ్ళీ బిగించాడు. బ్యాటరీ వైరు కుడివైపు నుంచి వస్తోందని, పాట తెచ్చే వైరును సీట్ల కిందుగా ఎడమవైపుకి ఇంకాస్త దూరం జరిపాడు. ఇవన్నీ పోయినసారి చేసినవే. అయినా చేశాడు. తర్వాత యాంప్లిఫైయర్ విప్పి టేబుల్ మీదికి తెచ్చి, లోపల అనుమానం వచ్చిన ప్రతి అతుకునీ కరిగించి మళ్ళీ అతికాడు. రెండుసార్లు వేలు కాలింది. రెండోసారి చెయ్యి విదిలించుకునే ఓపిక కూడా లేకపోయింది.

“మేస్త్రీ, మీ ఫోను మోగుతోంది,” అన్నాడు డ్రైవరు.

“ఎక్కడ?”

“అదే, అక్కడ. ఇందాకట్నుంచి మోగుతోంది.”

ఫోను స్క్రూల డబ్బా వెనకాల ఉంది. మేస్త్రీ అందుకునేలోగా ఆగిపోయింది. భార్య, నాలుగుసార్లు చేసింది. “సౌండు తగ్గించి పెట్టుంటాను,” అనుకుంటూ జేబులో వేసుకున్నాడు. ఇప్పుడు ఆవిడతో చీవాట్లు తినే ఓపిక అతనికి లేదు.

యాంప్లిఫైయర్ మళ్ళీ బిగించేసరికి మధ్యాహ్నం దాటింది. మేస్త్రీ చేతులు గుడ్డతో తుడుచుకుని షాపు బోర్డు వంక చూశాడు.

“ఈసారి కూడా వస్తే ఆ బోర్డు దించేస్తానయ్యా. నిజంగానే చెబుతున్నా. చెవి మీద బతికేవాణ్ణి. అది కూడా దగా చేస్తే ఇక ఇక్కడ కూర్చుని ఏం చెయ్యను?”

డ్రైవరు కూడా బోర్డు వంక చూశాడు. ఇంజను ఆన్ చేశాడు.

“పాట వద్దు. సౌండు మాత్రం పూర్తిగా పెంచు. ఆ, తొక్కు.”

మేస్త్రీ వెనక సీట్లోకి వంగి, స్పీకరుకి చెవి ఆనించి కళ్ళు మూసుకున్నాడు.

“ఇంకా తొక్కు.”

ఇంజను గుర్రుమంది. అది తప్ప స్పీకర్లో చీమ చిటుక్కుమన్న చప్పుడు లేదు. మేస్త్రీ గుండెల మీంచి బండరాయి దింపినట్టయింది. కళ్ళు తెరిచి చూస్తే, డ్రైవరు దవడలు బిగించుకుని, వెనక్కి చూసే అద్దంలోంచి అతని కాలిన వేళ్ళకేసే చూస్తున్నాడు.

“చెప్పు. వస్తోందా?”

డ్రైవరు నెమ్మదిగా కాలు తీశాడు. కాసేపు స్టీరింగు మీద వేలితో గీతలు గీశాడు.

“లేదు మేస్త్రీ. పోయింది.”

“ఒట్టు?”

“ఒట్టు.”

తల దించుకుని అన్నాడు. ఇన్నిసార్లు అనుమానించినందుకు సిగ్గుపడుతున్నాడు కాబోలు అనుకున్నాడు మేస్త్రీ. అతని మీద జాలేసింది. భుజం తట్టాడు.

“సౌండు తగ్గించకు. అద్దాలు దింపుకుని, అలాగే వింటూ వెళ్ళు. మళ్ళీ వస్తే నన్నడుగు.”

“రాదులెండి,” అన్నాడు డ్రైవరు. కారు నెమ్మదిగా వీధిలోకి తిప్పుకుని వెళ్ళిపోయాడు.

మేస్త్రీ స్టూలు మీద కూలబడి గోడకి జారగిలబడ్డాడు. ఒళ్ళంతా పులిసిపోయినట్టుంది. అయినా ఈ వారంలో మొదటిసారి మనసు తేలికగా ఉంది. బోర్డు ఉంటుంది. చెవి దగా చెయ్యలేదు.

అంతలో భార్య అన్నం క్యారేజీతో లోపలికి వచ్చింది.

“ఎన్నిసార్లు ఫోను చెయ్యాలండీ మీకు?” అంటూ క్యారేజీ టేబుల్ మీద పెట్టి, రెండు చెవులూ అరచేతులతో రుద్దుకుంటూ వీధికేసి చూసింది. “ఎవరండీ ఆ ట్యాక్సీ అబ్బాయి? పాటా లేదు పాడూ లేదు, చెవులు చిల్లులు పడేలా ఒకటే ఈల. ఇంత దగ్గరికొచ్చి, మీకు ఒక్కసారి చూపించుకోకుండానే పోతున్నాడేంటి?”