రెండు రేకు బిళ్ళలు

“ఈ అద్దం కూడా మసకబారింది. ఇంకోటి ఇవ్వు,” అన్నాడు మామగారు, వెల్డింగ్ ముసుగు పైకెత్తి.

కోడలు కొత్త అద్దం బిగించి ఇచ్చింది. ఆ వారంలో అది నాలుగోది.

“స్టోర్సు వాళ్ళు పనికిమాలిన సరుకు కొంటున్నారు.”

“అవును మామయ్యా. అద్దాలన్నీ కూడబలుక్కుని మరీ పాడవుతున్నాయి.”

“వెటకారమా?”

“మీ దగ్గర నేర్చుకున్నదే.”

ఒడ్డుకెక్కించిన టగ్గు నీడలో కూర్చుని ఇద్దరూ చెరో ఇనప పలకా అతుకుతున్నారు. ఓడల్ని రేవులోకి లాక్కొచ్చే ఆ టగ్గుకి రాయి తగిలి అడుగు రేకులు చిరిగిపోయాయి. రోజూ అయితే ఆ రేకులు అతికే పని. ఇవాళ మాత్రం పరీక్ష. అతికిన పలకని గోనెలో చుట్టి, తీగతో ఎవరి నంబరు రేకు బిళ్ళ వాళ్ళు కట్టి, ఫోర్‌మన్ గది బయట బల్ల మీద పెట్టాలి. సాయంత్రం అవి, అతుకు లోపల లోపాలున్నాయేమో చూడ్డానికి, ఎక్స్‌రేకి పోతాయి. మామగారిది ఇరవై మూడు, కోడలిది నలభై ఒకటి.

నెగ్గితే కోడలి ఉద్యోగం పర్మనెంటు, పోతే ఇంటికే. యాభై ఐదు దాటినవాళ్ళకీ ఇదే రూలని కాగితం అంటించారు. దాన్ని చదివి పెద్దాయన పెద్దగా నవ్వాడు. తాతకు దగ్గులు నేర్పుతారట. మేస్త్రికి చూపు తగ్గిందని యార్డులో కొందరు గుసగుసలాడేవారు, వాళ్ళ నోళ్ళకి తాళాలు వేసే ఓపిక ఆయనకు లేదు.

ఆయన బెంగంతా కోడలి మీదే. పిల్ల చెయ్యి బంగారం, దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పింది తనే. తన పనికి వారసుడు కొడుకు కాదు, కోడలేనని నలుగురిలో గొప్పగా చెప్పుకునేవాడు, ఆమె లేకుండా చూసి. కానీ పరీక్ష అంటే చాలు ఆ చెయ్యి వణికిపోతుంది. ఇప్పటికి రెండుసార్లు పరీక్ష పోయింది. ఇదే ఆఖరి అవకాశం.

మూటలు రెండూ బల్ల మీదికి చేరాయి. కోడలు టగ్గు వైపు వెళ్ళింది. పెద్దాయన అటూ ఇటూ చూసి, తీగలు విప్పి, బిళ్ళలు రెండూ తారుమారు చేసి కట్టేశాడు. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో అదే మొదటి దొంగపని. తన ఉద్యోగం పోతుందని తెలుసు. పోతే పోయింది, ముందు బతకాల్సింది పిల్ల.

మధ్యాహ్నం మంచినీళ్ళకని వెళ్ళిన కోడలు ఆలస్యంగా వచ్చింది. ముఖమంతా చెమట.

“అయిపోయిన పరీక్షకి ఇంకా భయమేమిటే?” అన్నాడాయన.

“ఏం లేదు మామయ్యా. ఎండ.”

నాలుగు రోజుల తర్వాత ఫోర్‌మన్ ఆయన్ని గదిలోకి పిలిచాడు.

“మేస్త్రి గారూ, ఎలా చెప్పాలో తెలియట్లేదు...”

“చెప్పవయ్యా. నేనేమన్నా పసిపిల్లాణ్ణా?”

“నలభై ఒకటి బ్రహ్మాండం. సూది మొనంత లోపం కూడా లేదు. అమ్మాయి ఇక పర్మనెంటు. ఇరవై మూడే... లోపలంతా బుడగలు. రూలు ప్రకారం మిమ్మల్ని...”

“ఇంటికి పొమ్మంటారు. అంతేగా?”

ఆయన అంత తేలిగ్గా నవ్వేసరికి ఫోర్‌మన్ కళ్ళు చెమర్చాయి. పెద్దాయన మాత్రం లోపల ఉబ్బి తబ్బిబ్బవుతున్నాడు. సూది మొనంత లోపం లేదట! చూపు తగ్గిందన్న ప్రతివాణ్ణీ పిలిచి ఆ ఎక్స్‌రే చూపించాలనిపించింది. చెప్పుకోవడానికి లేదు, అదొక్కటే లోటు. పాపం కోడలికి అనుకున్నట్టే చెయ్యి వణికింది, పోనీలే, రోజువారీ పనిలో పడితే ఆ భయం అదే పోతుంది.

కబురు ఆయనకంటే ముందే టగ్గు దగ్గరికి చేరింది. కోడలు మోకాళ్ళ మీద తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడుస్తోంది.

“ఉద్యోగం వస్తే ఏడ్చేదాన్ని నిన్నే చూస్తున్నా.”

“మీది పోయింది కదా. అదీ నా వల్ల. బుడగలొచ్చిన ఆ అతుకు నాదే మామయ్యా.”

పెద్దాయన గతుక్కుమన్నాడు. పక్కనే చతికిలబడి గొంతు తగ్గించాడు.

“అయితే చూశావన్నమాట. సరే, ఎవరితోనూ అనకు. నేను ఇష్టపడే మార్చాను. నీకంటే నాకా ఉద్యోగం ఎక్కువా?”

“ఏం మార్చారు?”

“బిళ్ళలు. ఆ రోజు పొద్దున, నువ్వు ఇటు రాగానే.”

కోడలు ఏడుపు ఆపి ఆయన వైపు తిరిగింది.

“ఆ మధ్యాహ్నం నేనూ మార్చాను, మామయ్యా.”