చింతచెట్టు మీద ఉలిగమ్మ

“దిగు మే! పడితే ఎవురు పట్టుకుంటారు?” కట్టు కట్టిన కాలితో చెట్టు కింద నిలబడి గోవిందప్ప అరిచాడు.

“పక్కకు జరుగు. కాయ నెత్తిన పడతాది!” పైనుంచి ఆయన భార్య ఉలిగమ్మ నవ్వింది.

గుడిబండలో చెట్టెక్కి చింతకాయ రాల్చేది మగవాళ్లు, కింద ఏరేది ఆడవాళ్లు. గోవిందప్ప కాలు విరిగాక, యాభై దాటిన వయసులో ఆమె కాయలు రాల్చే దోటికర్ర పట్టింది. చెట్లు గుత్తకు తీసుకున్న విజయ్ కుమార్ ముందే చెప్పాడు: “మధ్యాహ్నానికి ఈ చెట్టు దులిపితే పని నీదే అక్కా. లేదంటే అమరాపురం వాళ్లను పిలుస్తా.”

దోటి కొమ్మను తాకింది. కాయలు జలజలా రాలాయి.

“అబ్బబ్బ! ఈడికి ఊరంతా కనపడతాండాది!” ఉలిగమ్మ ఇంకో కొమ్మకు పాకింది.

గోవిందప్ప చతికిలబడి ఏరడం మొదలుపెట్టాడు. గుప్పెడు గోతంలో వేసేలోపు వీపు మీద పదిగుప్పెళ్లు పడుతున్నాయి.

“నిదానంగా రాల్చు మే! నడుము ఇరిగిపోతాండాది!”

దోటి ఆగింది.

“నేను గూడా ఇన్నేండ్లు కిందినుంచి ఇదే మొత్తుకుంటాంటి. పైకి వినపడదంటాంటివే? నాకు అంతా వినపడతాండాదే!”

గోవిందప్ప తల గోతంలోకి దూరినంత పనయింది. పక్కన నిలబడి చూస్తున్న విజయ్ కుమార్ పొట్ట పట్టుకుని నవ్వాడు.

“తెలిసిపోయింది గదా, ఇంక నిదానంగా కొట్టు,” గోవిందప్ప బతిమాలాడు.

“ఏమంటివి? ఏమీ వినపడలే!” దోటి మళ్లీ ఆడింది. కాయల వాన.

“అక్కా, పక్క తోపు గూడా నీకే!” విజయ్ కుమార్ కేకేశాడు.

“ఇది వినపడిందప్పా!”