ఛార్జింగ్ లేదు పిన్నీ

ఆటోలూ బస్సులూ పోయి అందరికీ మాట్లాడే స్కూటర్లొచ్చాక, స్కూటర్ లేని పైడమ్మ పిన్ని రోజూ మర్రిపాలెం మలుపులో నిలబడి, నా వెనకాలెక్కి పనికి వెళ్లేది. దారి పొడుగునా మోకాళ్ల నొప్పుల కథే. అది వినలేక ఆ ఉదయం, "ఛార్జింగ్ లేదు పిన్నీ," అన్నాను.

"బ్యాటరీ నిండా ఉంది. ఇద్దరూ హాయిగా వెళ్లొచ్చు," అంది స్కూటర్.

నేను గబుక్కున బ్యాటరీ గీతల మీద అరచెయ్యి అడ్డం పెట్టాను.

"మిషను కదా బాబూ, దానికేటి తెలుస్తాది. నువ్వెల్లు, ఆపీసుకి ఆలీసమైపోద్ది," అని పిన్ని నడక మొదలుపెట్టింది.

సాయంత్రమే స్కూటర్ గొంతు తీయించేశాను.

మర్నాడు నన్ను దూరం నుంచే చూసి, పిన్ని చెప్పు సరిచేసుకుంటున్నట్టు ఆ మోకాళ్లతోనే కింద కూర్చుంది. నేను దాటిపోయేదాకా తలెత్తలేదు.