డెమో కాఫీ

“ఈ పొద్దు గూడా అదే వాసన. చెప్పు ఫెలిక్స్, ఎవురితో తాగినావు కాఫీ?”

రాబర్ట్‌సన్‌పేటలో మిక్సీల అంగడి మెట్ల మీదే నిలదీసింది జూలియా. మాలూరు ఫ్యాక్టరీ నుంచి వచ్చే మొగుడి చొక్కా గ్రీజు వాసన కొట్టాలి. కొన్నాళ్లుగా కమ్మటి కాఫీ వాసన కొడుతోంది. పైగా రోజూ ఆలస్యం. నిప్పు లేనిదే పొగ రాదని ఆమె మనసు ఒకటే పోరు పెడుతోంది.

“ఎవురితోనూ లేదు. ఫ్యాక్టరీలో మిషన్ ఉండాదని చెప్పినా కదా.”

“అట్లయితే మనింట్లోనూ ఒకటి పెడదాం. ఇంగమీద ఇంటికొచ్చి తాగు.”

ఫెలిక్స్ వద్దనేలోపే ఆమె లోపలికి నడిచింది. అంగడతను విఘ్నేశ్ ఎస్ప్రెస్సో కాఫీ మిషన్లు చూపించాడు.

“ఇది చవక అక్కా. అయితే కంపెనీ కాఫీపొడి డబ్బీలే కొని వెయ్యల్ల.”

“ఆవు చవక, గడ్డి ప్రియం అన్నట్లుండాదే! ఆ పెద్దది ఎంత?”

దాని ధర వినగానే జూలియా చెయ్యి వెనక్కి తీసుకుంది. చివరికి ఒక చిన్న మిషన్ దగ్గర ఆగింది. పాలు నురగ తీసే గొట్టం కూడా ఉంది, ధరా అందుబాటులోనే ఉంది.

“వద్దులే జూలియా. మనకు ఫిల్టర్ కాఫీ చాలదా?” అన్నాడు ఫెలిక్స్ గడప దగ్గరే నిలబడి.

వద్దన్నకొద్దీ ఆమెకు అనుమానం పెరిగింది. “మా ఆయన సూపర్‌వైజరప్పా. ఇంటి కాఫీ గొంతు దిగదు. చేసి చూపించు” అంది విఘ్నేశ్‌తో.

విఘ్నేశ్ పొడి వేసి మీట నొక్కాడు. పక్కలనుంచి నీళ్లు కారాయి. మళ్లీ చేస్తే కప్పులోకి నల్లటి కషాయం దిగింది. “కొత్త మాడల్ అక్కా, నాకూ సరిగ్గా తెలీదు” అని నసిగాడు.

జూలియాకు ఏడుపొచ్చింది. ఇది కూడా కాకపోతే మనిషిని ఇంటికి రప్పించే దారే లేదనిపించింది. కొంగుతో కళ్లు తుడుచుకుంది.

అది చూసి ఫెలిక్స్ ఉండలేకపోయాడు. “జరుగప్పా” అంటూ ముందుకొచ్చాడు.

పాత పొడి దులిపేశాడు. కొత్త పొడి వేసి గట్టిగా అదిమాడు. అంచును బొటనవేలితో తుడిచి పిడి బిగించాడు. చిక్కటి డికాషన్ సన్నటి ధారగా దిగుతుంటే, రెండో చేత్తో పాలకు ఆవిరి పెట్టాడు. ఇంట్లో స్టవ్ ముట్టించడం కూడా రాని మనిషి! జూలియా నోరు తెరుచుకుని చూస్తోంది. ఆ చేతులకు తడబాటే లేదు.

నురగ కట్టిన కాఫీ ఆమె ముందు పెట్టాడు. తల ఎత్తకుండా, గుడ్డతో బల్ల తుడుస్తూ అడిగాడు.

“ఇక్కడే తాగుతారా మేడమ్, పార్సెలా?”